ఉద్యోగుల నెలవారీ చందా బస్సులు: చట్టం, ఆచరణ, ప్రయాణికుల రక్షణ

హైదరాబాద్: నివాస ప్రాంతాల నుండి కార్యాలయాలకు ప్రతి దినం ఒకే వేళకు, ఒకే దారిలో ప్రయాణించే ఉద్యోగుల కొరకు ప్రైవేటు యాజమాన్యాలు నడుపుతున్న నెలవారీ చందా బస్సులు మహానగరాల రవాణాలో ఒక భాగమైనాయి. ప్రయాణికుడు ముందుగా సొమ్ము చెల్లిస్తాడు. అతనికి ఒక సీటు నిర్ణీతమవుతుంది. బస్సు చెప్పిన వేళకు చెప్పిన చోట ఆగుతుంది. చూడడానికి ఇది ఎంతో సరళమైన ఏర్పాటు. అయితే రహదారిపై రవాణా శాఖ అధికారి ఆ బస్సును ఆపి పత్రాలు అడిగినపుడు, లేదా దురదృష్టవశాత్తు ప్రమాదం సంభవించినపుడు, ఈ బస్సు చట్టం దృష్టిలో ఏ తరగతికి చెందుతుందన్న ప్రశ్న తలెత్తుతుంది. ఆ ప్రశ్నకు లభించే సమాధానాన్ని బట్టే ప్రయాణికుని రక్షణ, యజమాని బాధ్యత, ప్రభుత్వ రవాణా సంస్థ ఆదాయం ఆధారపడి ఉంటాయి. ఈ నేపథ్యంలో పాత్రికేయులకు, అధికారులకు ఉపయుక్తంగా ఉండగలదన్న ఉద్దేశంతో ఈ అంశానికి సంబంధించిన ముఖ్య వివరాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

చందా బస్సు అనగా ఏమి?

ఆర్టీసీ నెలవారీ బస్ పాసు కూడా ఒక విధంగా చందాయే. అయితే పాసు ప్రయాణికునికి బస్సు ఎక్కే హక్కును ఇస్తుందే గాని కూర్చునే సీటుకు హామీ ఇవ్వదు. చందా బస్సులో విక్రయమయ్యేది సీటు. పాసు ఉన్నవారు ఆ తరగతి బస్సు దేనినైనా, ఎక్కడైనా ఎక్కవచ్చును. చందాదారు తనకు కేటాయించిన బస్సును, కేటాయించిన చోట మాత్రమే ఎక్కవలసి ఉంటుంది. సిటీ బస్సు ప్రజలందరిది. చందా బస్సు జాబితాలో పేరున్నవారిది. ఈ వ్యాసంలోని మిగిలిన అంశాలన్నింటికీ ఈ భేదమే మూలం.

ప్రైవేటు యజమానుల నుండి అద్దెకు తీసుకొని ఆర్టీసీ తన పేరుతో, తన టిక్కెట్లతో నడిపే అద్దె బస్సులను చందా బస్సులుగా పరిగణించరాదు. ఆ బస్సుల యాజమాన్యం ప్రైవేటుదైనా, ప్రయాణికునికి జవాబుదారీ ఆర్టీసీయే. పత్రికా వార్తలలో ఈ రెండింటినీ ఒకటిగా పేర్కొనడం కద్దు గనుక ఈ విషయం గమనించవలసి ఉంది.

పూర్వరంగం

తెలుగునాట ప్రభుత్వ రంగంలో బస్సు రవాణా 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో ప్రారంభమైనది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. జాతీయీకరణ జరిగిన మార్గాలలో టిక్కెట్టుపై ప్రయాణికులను చేరవేసే బాధ్యత ఆ సంస్థదే అయినది. ఆనాటి పెద్ద కర్మాగారాలు తమ కార్మికుల కొరకు సొంత బస్సులు నడుపుకునేవి. వీటికి ‘స్టాఫ్ బస్సు’ అన్న పేరు వాడుకలోకి వచ్చినది.

హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఉద్యోగాల కేంద్రం నగరానికి పడమటి దిక్కుకు తరలినది. నివాసాలు మాత్రం నాలుగు దిక్కులా విస్తరించి ఉన్నాయి. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్లు, 2017 నవంబరులో మెట్రో రైలు అందుబాటులోకి వచ్చినవి. హైటెక్ సిటీ వరకు మెట్రో 2019 మార్చిలోను, రాయదుర్గం వరకు అదే సంవత్సరం నవంబరులోను చేరినది. అయినప్పటికీ స్టేషను నుండి కార్యాలయానికి, ఇంటి నుండి స్టేషనుకు గల దూరం ఉద్యోగికి సమస్యగానే మిగిలినది. ఒకే బస్సులో కూర్చుని నేరుగా కార్యాలయం ముంగిట దిగే సౌకర్యానికి గిరాకీ ఏర్పడడానికి ఇదియే ప్రధాన కారణం.

ఈ పద్ధతి విదేశాలలో అంతకు చాలా ముందే ఆచరణలో ఉన్నది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో కొత్తగా వెలసిన రెస్టన్ పట్టణవాసులు 1968లో తామే ఒక సంఘంగా కూడి, ప్రైవేటు బస్సులను మాట్లాడుకొని వాషింగ్టన్ నగరంలోని కార్యాలయాలకు ప్రయాణించ నారంభించారు. మన దేశంలో ఢిల్లీ నగరం ఇందుకు ప్రసిద్ధి. సచివాలయ ఉద్యోగులు, బ్యాంకు సిబ్బంది కాలనీల వారీగా నెలసరి సొమ్ము చెల్లించి ‘చార్టర్డ్ బస్సు’లలో కార్యాలయాలకు వెళ్లడం అక్కడ దశాబ్దాల పాటు సాగిన అలవాటు.

మొబైల్ ఫోన్ యాప్‌ల రాకతో ఈ ఏర్పాటు రూపం మారినది. 2015లో గురుగ్రామ్ కేంద్రంగా షటిల్ సంస్థ, ముంబయిలో సిటీఫ్లో సంస్థ ప్రారంభమైనాయి. అదే సంవత్సరం ఓలా సంస్థ ప్రారంభించిన బస్సు సేవ 2018లో నిలిచిపోయినది. 2020లో కోవిడ్ కారణంగా కార్యాలయాలు మూతపడి, ఉద్యోగులు ఇంటి నుండే పనిచేయవలసి రావడంతో ఈ వ్యాపారం తీవ్రంగా దెబ్బతిన్నది. షటిల్ సంస్థను 2021లో చలో సంస్థ కొనుగోలు చేసినది. చందా సేవ సౌకర్యవంతమైనదే గాని, ప్రభుత్వ రవాణా సంస్థకు గల శాశ్వతత్వం దానికి లేదని ఈ పరిణామాలు తెలుపుతున్నాయి.

చట్టంలోని రెండు తరగతులు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రయాణికుల బస్సులను ప్రధానంగా రెండు తరగతులుగా విభజించినది. 2వ సెక్షన్‌లోని 40వ క్లాజు ప్రకారం, డ్రైవరు కాక ఆరుగురికి మించిన ప్రయాణికులను ఎక్కించుకొని, ఒక్కొక్కరి నుండి వేర్వేరుగా చార్జీ తీసుకొని, పూర్తి ప్రయాణానికి గాని మధ్య స్టేజీల వరకు గాని చేరవేసే వాహనం స్టేజ్ క్యారేజీ. సిటీ బస్సు, పల్లెవెలుగు బస్సు ఈ తరగతికి చెందుతాయి. 7వ క్లాజు ప్రకారం, ఒక ఒప్పందం కింద వాహనాన్ని మొత్తంగా మాట్లాడుకొని, ఆ ఒప్పందంలో పేర్కొన్న ప్రయాణికులను నిర్ణీత మొత్తానికి చేరవేసేది కాంట్రాక్ట్ క్యారేజీ. ఒప్పందంలో లేని ప్రయాణికులను దారిలో ఎక్కించుకొనుటకు గాని, దింపుటకు గాని దానికి వీలు లేదు. పెండ్లి బస్సు ఇందుకు చక్కని ఉదాహరణ.

సుప్రీంకోర్టు 1997లో గుజరాత్‌కు సంబంధించిన ఒక కేసులో ఈ భేదాన్ని స్పష్టపరిచినది. ముందస్తు ఒప్పందంతో నిమిత్తం లేకుండా రెండు స్థలాల మధ్య నడుస్తూ, దారిలో ఎక్కినవారి నుండి దూరాన్ని బట్టి చార్జీ తీసుకొనేది స్టేజ్ క్యారేజీ అనీ, కాంట్రాక్ట్ క్యారేజీకి దారిలో ఇతరులను ఎక్కించుకునే హక్కు లేదనీ న్యాయస్థానం తెలిపినది.

నెలవారీ చందా బస్సు ఈ రెండు తరగతుల సరిహద్దుపై నిలుస్తుంది. దానిలోని ప్రయాణికులు ముందే నిర్ణయమైనవారు. ఆ మేరకు అది కాంట్రాక్ట్ క్యారేజీని పోలి ఉంటుంది. కాని ఎవరి చందా వారు వేర్వేరుగా చెల్లిస్తారు. దారిలో నాలుగైదు చోట్ల ఎక్కుతారు, వేర్వేరు చోట్ల దిగుతారు. ఆ మేరకు స్టేజ్ క్యారేజీ లక్షణాలు కనబడతాయి. డ్రైవరు కాక 12 మందికి మించని మాక్సీక్యాబ్‌ల విషయంలో మాత్రం, వేర్వేరు చార్జీలు తీసుకున్నప్పటికీ వాటిని కాంట్రాక్ట్ క్యారేజీలుగానే చట్టం పరిగణిస్తుంది. అనగా ఒకే సంస్థ, ఒకే దారిలో, ఒకే విధమైన చందాపై 12 సీట్ల వ్యాను నడిపితే రాని అభ్యంతరం 40 సీట్ల బస్సు నడిపినపుడు రావచ్చును. రహదారిపై రద్దీ తగ్గవలెనన్న దృష్టితో చూచినచో పెద్ద బస్సే మేలైనది. ఈ వైరుధ్యం గమనార్హం.

ఆచరణలో నాలుగు పద్ధతులు

‘ఆఫీసు బస్సు’ అన్న ఒకే మాటతో ప్రజలు వ్యవహరించే సేవలలో నాలుగు భిన్నమైన పద్ధతులు ఉన్నాయి.

మొదటిది: సంస్థ తన సొంత బస్సులో తన ఉద్యోగులను అద్దె గాని ప్రతిఫలం గాని లేకుండా తీసుకువెళ్లడం. చట్టం దీనిని ప్రైవేటు సర్వీసు వాహనంగా గుర్తించి, 76వ సెక్షన్ కింద పర్మిట్‌కు వీలు కల్పించినది.

రెండవది: సంస్థ ఒక బస్సు యజమానితో ఒప్పందం కుదుర్చుకొని, వాహనానికి మొత్తంగా సొమ్ము చెల్లించడం. ఉద్యోగి బస్సులో చార్జీ చెల్లించడు. ఇది కాంట్రాక్ట్ క్యారేజీ నిర్వచనానికి పూర్తిగా ఒదుగుతుంది.

మూడవది: ఒక కాలనీ వాసులు గాని, ఒకే ప్రాంతంలో పనిచేసే ఉద్యోగులు గాని ఒక బృందంగా కూడి, ఒకే ఒప్పందంపై బస్సును మాట్లాడుకోవడం. సొమ్మును వారిలో వారు పంచుకుంటారు. ఇచ్చట ఒప్పందం బృందానికి, యజమానికి మధ్య ఉంటుంది గనుక, అది కాగితంపై స్పష్టంగా ఉన్నంతవరకు చిక్కులు తక్కువ.

నాలుగవది: ఒక సంస్థ యాప్ ద్వారా సీట్లను విడివిడిగా విక్రయించి, ఇతర యజమానుల బస్సులలో ప్రయాణికులను పంపడం. బస్సు ఒకరిది, డ్రైవరు మరొకరి ఉద్యోగి, సొమ్ము తీసుకున్నది ఇంకొకరు. ప్రయాణికునికి తెలిసినది యాప్ పేరు మాత్రమే. వివాదాలలో ఎక్కువ భాగం ఈ పద్ధతిపైననే తలెత్తుతున్నాయి.

ప్రయాణికుల జాబితా ప్రాముఖ్యం

కాంట్రాక్ట్ క్యారేజీకి ఆధారం దానిలోని ప్రయాణికుల జాబితా. 2023 మే 1 నుండి అమలులోకి వచ్చిన అఖిల భారత పర్యాటక వాహనాల పర్మిట్ నిబంధనలు కూడా ప్రయాణికుల జాబితాను కాగితంపై గాని, ఎలక్ట్రానిక్ రూపంలో గాని వాహనంలో ఉంచవలెనని కోరుతున్నాయి. జాబితా ఉన్నంత మాత్రాన స్టేజ్ క్యారేజీగా నడుపుటకు హక్కు రాదు. కాని జాబితా లేని బస్సుకు తాను ఒప్పందంపై నడుస్తున్నానని చెప్పుకొనే ఆధారమే ఉండదు.

ఈ జాబితా కేవలం తనిఖీ అధికారి కొరకు ఉద్దేశించినది కాదు. బస్సు లోయలో పడినా, అగ్నికి ఆహుతి అయినా, అందులో ఎవరెవరు ఉన్నారో బంధువులకు తెలిపే తొలి పత్రం అదే. సీటు ఖాళీగా ఉన్నదన్న కారణంతో డ్రైవరు రోడ్డు ప్రక్కన చెయ్యెత్తినవారిని ఎక్కించుకొన్న క్షణంలో జాబితాకు, బస్సులోని మనుషులకు పొంతన పోతుంది. పది, ఇరవై రూపాయల ఆ చిల్లర ఆదాయం కొరకు మిగిలిన ప్రయాణికులందరి చట్టబద్ధ స్థితి ప్రశ్నార్థకమవుతుంది.

ఈ నియమం ఎంత గంభీరమైనదో 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో జరిగిన ఘోరం దేశానికి తెలియజేసినది. మునిర్కా వద్ద ఆ యువతి, ఆమె స్నేహితుడు ఎక్కినది సిటీ బస్సు కాదు. ఒప్పందంపై తిరిగే ఒక ప్రైవేటు బస్సు. ప్రయాణికులను ఎక్కించుకునే హక్కు లేని ఆ వాహనం, చార్జీ తీసుకొని వారిని ఎక్కించుకున్నది. తదనంతర కాలంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 125-హెచ్ నిబంధన చేరి, 2019 జనవరి 1 నుండి కొత్తగా రిజిస్టర్ అయ్యే బస్సులు, క్యాబుల వంటి ప్రజా సేవా వాహనాలలో స్థాన నిర్దేశక పరికరం, అత్యవసర బటన్ తప్పనిసరి అయినవి. ఈ బటన్‌ను అమర్చడమే గాక, దానిని నొక్కినపుడు స్పందించే కేంద్రం పనిచేస్తున్నదా లేదా అన్నది కూడా తనిఖీలో చూడవలసిన అంశం.

తనిఖీ జరిగినపుడు

పర్మిట్ లేకుండా గాని, పర్మిట్‌లోని మార్గం, ప్రాంతం, ప్రయోజనాలకు సంబంధించిన షరతులకు విరుద్ధంగా గాని వాహనాన్ని నడిపితే, 192-ఏ సెక్షన్ కింద మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు శిక్ష, 10,000 రూపాయల జరిమానాకు అవకాశమున్నది. 207వ సెక్షన్ అట్టి వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారాన్ని ఇస్తున్నది.

ఉదయం వేళ కార్యాలయానికి వెళ్తున్న బస్సును నడిరోడ్డుపై స్వాధీనం చేసుకుంటే శిక్ష ముందుగా పడేది సొమ్ము చెల్లించి కూర్చున్న ప్రయాణికునిపై. హాజరు పోయేది అతనికి. చీకటి పడిన తర్వాత తిరుగు ప్రయాణంలో అదే జరిగితే, అపరిచిత ప్రదేశంలో దిగవలసి వచ్చే మహిళల పరిస్థితి చెప్పనక్కరలేదు. అయితే చట్టమే ఇందుకొక మార్గాన్ని చూపినది. పర్మిట్ లేని వాహనం విషయంలో, వాహనాన్ని స్వాధీనం చేసుకొనుటకు బదులు దాని రిజిస్ట్రేషన్ ధ్రువపత్రాన్ని స్వాధీనం చేసుకొని రసీదు ఇవ్వవచ్చునని 207వ సెక్షన్‌లోని మినహాయింపు పేర్కొంటున్నది. చర్య తప్పదు, ప్రయాణికుడు గమ్యం చేరకా పోడు. అయితే బ్రేకులు, టైర్లు దెబ్బతిన్న బస్సును, లేదా మద్యం సేవించిన డ్రైవరు నడుపుతున్న బస్సును ఈ పేరుతో ముందుకు పంపరాదన్నది వేరుగా చెప్పనవసరం లేదు.

ప్రమాదం సంభవించినపుడు

పర్మిట్ వివాదాన్ని యజమానికి, రవాణా శాఖకు మధ్య తగాదాగా భావించి ప్రయాణికులు పట్టించుకోకపోవడం సాధారణం. వాస్తవానికి దాని భారం ప్రమాద బాధితుల కుటుంబాలపై పడే అవకాశమున్నది. చట్టంలోని 147వ సెక్షన్ ప్రజా సేవా వాహనంలోని ప్రయాణికులకు బీమా రక్షణను తప్పనిసరి చేసినది. అయితే పర్మిట్ అనుమతించని ప్రయోజనం కొరకు రవాణా వాహనాన్ని ఉపయోగించినట్లయితే, ఆ కారణం చూపి తన బాధ్యతను ప్రశ్నించే అవకాశం 150వ సెక్షన్ బీమా సంస్థకు ఇస్తున్నది.

2018లో సుప్రీంకోర్టు ఒక లారీ ప్రమాదానికి సంబంధించిన తీర్పులో, పర్మిట్ లేకుండా బహిరంగ స్థలంలో వాహనాన్ని నడపడం మౌలికమైన ఉల్లంఘన అని తెలిపినది. బీమా సంస్థ ముందుగా బాధిత కుటుంబానికి పరిహారం చెల్లించి, తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకోవలెనన్న ఆదేశాన్ని సమర్థించినది. ఇట్టి ఆదేశాల వలన బాధితులకు ఊరట లభిస్తున్నప్పటికీ, ఆ స్థితికి చేరడానికి ముందు ట్రిబ్యునల్ నుండి పై న్యాయస్థానాల వరకు సాగే కాలయాపనను కుటుంబాలే భరించవలసి ఉంటుంది. చందా కట్టే ముందు బస్సులో ఏసీ ఉన్నదా అని అడిగే ప్రయాణికుడు, దాని పర్మిట్ ఏ తరగతిది అని కూడా అడగడం తన కుటుంబానికి మేలు చేస్తుంది.

ఆర్టీసీపై ప్రభావం

చందా బస్సుల పట్ల ప్రభుత్వ రవాణా సంస్థలు వ్యక్తం చేసే ఆందోళనకు బలమైన కారణమున్నది. రోడ్డు రవాణా సంస్థల చట్టంలోని 18వ సెక్షన్ ప్రజలకు సమర్థమైన, చాలినంత, పొదుపైన, సమన్వయంతో కూడిన రవాణా సౌకర్యాన్ని కల్పించవలసిన బాధ్యతను సంస్థపై ఉంచినది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాలపై నడుచుకోవలెనని చెప్పినది. ఈ రెండింటినీ ఏకకాలంలో పాటించవలసిన సంస్థ, ప్రయాణికులు కిక్కిరిసే వేళలలోను, మార్గాలలోను వచ్చిన ఆదాయంతో మధ్యాహ్నపు ఖాళీ బస్సులను, మారుమూల గ్రామాల సర్వీసులను నడుపుతున్నది.

చందా బస్సు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, నిండుగా ఉండే దారిలో మాత్రమే నడుస్తుంది. విద్యార్థి రాయితీ పాసు అందులో చెల్లదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ప్రారంభమైన మహిళల ఉచిత ప్రయాణ పథకాలు ఆర్టీసీ నిర్దేశించిన బస్సులకే వర్తిస్తాయి. చందా బస్సుకు ఆ బాధ్యత లేదు. లాభసాటి వేళలు ప్రైవేటుకు, మిగిలిన వేళలు ప్రభుత్వ సంస్థకు అన్న విభజన స్థిరపడితే, దాని నష్టం చివరకు పల్లెవెలుగు బస్సు కొరకు ఎదురుచూసే గ్రామీణునికి చేరుతుంది. ఇట్టి ఆందోళనతోనే కర్ణాటక ప్రభుత్వం 1976లో ప్రత్యేక చట్టం ద్వారా కాంట్రాక్ట్ క్యారేజీలను స్వాధీనం చేసుకొనగా, ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు సమర్థించినది.

రెండవ పక్షం వాదనలోనూ సత్యమున్నది. చందా బస్సు ఎక్కేవారిలో పలువురు అంతకు ముందు సొంత కారుపైనో, ద్విచక్ర వాహనంపైనో వెళ్లినవారు. ఒక్కొక్కరే ప్రయాణించే 40 కార్లకు బదులు ఒక బస్సు నడిస్తే రోడ్డుపై మిగిలే స్థలంలో సిటీ బస్సు కూడా త్వరగా సాగుతుంది. కనుక ఏ మార్గంలోనైనా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చందాదారు నిన్నటి వరకు ఎట్లు ప్రయాణించినాడు? సిటీ బస్సు నుండి వచ్చినట్లయితే ఆర్టీసీకి నష్టం. కారు దిగి వచ్చినట్లయితే నగరానికి లాభం. చందా నమోదు సమయంలోనే ఈ ఒక్క వివరాన్ని సేకరించినచో, వాదనలకు బదులు లెక్కల ఆధారంగా నిర్ణయం తీసుకొనుటకు వీలు కలుగుతుంది.

బస్సు ఆగే చోటు

ప్రైవేటు బస్సులు ఆర్టీసీ స్టాపులలో నిలవడం వలన సిటీ బస్సులు నడిరోడ్డుపై ఆగవలసి రావడం, వృద్ధులు, పిల్లలు వాహనాల మధ్య నుండి పరుగు తీయవలసి రావడం నగరవాసులకు అనుభవంలోని విషయం. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో సాంకేతిక సంస్థల ఉద్యోగుల బస్సులు నగర స్టాపులను ఉపయోగించుకోవడంపై 2013 చివరలో వీధి నిరసనలు చెలరేగినవి. అక్కడి నగర రవాణా సంస్థ 2014 ఆగస్టులో ఒక ప్రయోగాత్మక పథకాన్ని ప్రారంభించి, ఎంపిక చేసిన స్టాపులలోనే ఆగుటకు అనుమతించి, ప్రతి నిలుపుదలకు రుసుము విధించినది. నిషేధానికి, నిర్లక్ష్యానికి మధ్య మరొక మార్గం ఉన్నదనుటకు ఇది ఒక నిదర్శనం.

రాష్ట్రాలకు గల అధికారం, ఢిల్లీ పథకం

2019 నాటి సవరణ చట్టం ఈ విషయంలో రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చినది. మొదటిది, యాప్ సంస్థలను ‘అగ్రిగేటర్’ పేరుతో నిర్వచించి, 93వ సెక్షన్ కింద వాటికి లైసెన్సును తప్పనిసరి చేసినది. లైసెన్సు లేకుండా వ్యాపారం చేసేవారికి 25,000 రూపాయలకు తగ్గకుండా లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. అగ్రిగేటర్ల విషయమై కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో మార్గదర్శకాలు జారీ చేసి, 2025 జులైలో వాటిని నవీకరించినది. రెండవది, పట్టణ రవాణాను మెరుగుపరచుటకు, రద్దీని తగ్గించుటకు పర్మిట్లను సవరించే, ప్రత్యేక పథకాలు రూపొందించే అధికారాన్ని 67వ సెక్షన్‌లోని 3వ ఉపసెక్షన్ ద్వారా రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చినది.

ఢిల్లీ ప్రభుత్వం 2023 నవంబరులో ప్రీమియం బస్సుల అగ్రిగేటర్ పథకాన్ని ప్రకటించినది. లైసెన్సు పొందే సంస్థ కనీసం 25 బస్సులు నడపవలెను. యాప్‌లో ముందుగా సీటు తీసుకున్నవారినే ఎక్కించుకోవలెను. బస్సులో టిక్కెట్లు ఇవ్వరాదు. నిలబడి ప్రయాణించుటకు వీలు లేదు. చార్జీ ఢిల్లీ రవాణా సంస్థ ఏసీ బస్సు గరిష్ఠ చార్జీకి తగ్గరాదు. 2025 జనవరి 1 తర్వాత చేర్చే బస్సులన్నీ విద్యుత్ బస్సులే కావలెను. కనీస చార్జీ నిబంధన ప్రభుత్వ బస్సుతో ధరల పోటీని నివారించుటకు ఉద్దేశించినది. ఇదే పథకం కింద 2024లో ఉబర్ సంస్థ లైసెన్సు పొందినది.

గమనించవలసిన అంశాలు

చందా బస్సులకు సంబంధించిన ఏ సంఘటననైనా పరిశీలించునపుడు, వార్తగా ప్రచురించునపుడు ఈ క్రింది వివరాలు సేకరించుట ఉపయుక్తం.

1. బస్సు పర్మిట్ ఏ తరగతిది? ప్రైవేటు సర్వీసు వాహనమా, కాంట్రాక్ట్ క్యారేజీయా, పర్యాటక పర్మిటా?

2. ఒప్పందం ఎవరెవరి మధ్య ఉన్నది? సంస్థతోనా, ఉద్యోగుల బృందంతోనా, లేక ఒక్కొక్క ప్రయాణికునితోనా?

3. ఆ నాటి ప్రయాణికుల జాబితా వాహనంలో ఉన్నదా? అందులోని పేర్లు, బస్సులోని మనుషులు సరిపోలుతున్నారా?

4. సొమ్ము తీసుకున్న సంస్థ, బస్సు యజమాని, డ్రైవరుకు వేతనమిచ్చేవారు ఒక్కరేనా, వేర్వేరా? యాప్ సంస్థకు అగ్రిగేటర్ లైసెన్సు ఉన్నదా?

5. బీమా, ఫిట్‌నెస్ ధ్రువపత్రాలు చెల్లుబాటులో ఉన్నాయా? పర్మిట్ ప్రయోజనానికి, వాస్తవ వినియోగానికి తేడా ఉన్నదా?

6. సేవ అర్ధంతరంగా నిలిచిపోతే మిగిలిన రోజుల చందా తిరిగి ఇచ్చే నిబంధన ఉన్నదా? ముందుగా సొమ్ము తీసుకొని సేవ అందించకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా ఫిర్యాదు చేయదగిన విషయం.

7. తనిఖీలో వాహనాన్ని ఆపినపుడు ప్రయాణికులు గమ్యం చేరుటకు ఏ ఏర్పాటు జరిగినది?

నెల మొదటి తేదీన చందా చెల్లించే ఉద్యోగి కోరుకునేది స్వల్పమే. ఉదయం వేళకు కార్యాలయం, సాయంత్రం క్షేమంగా ఇల్లు. ఆ రెండింటికీ మధ్య అతను ఎక్కిన బస్సుకు జవాబుదారీ ఎవరన్నది చందా రసీదుపైననే స్పష్టంగా ఉండవలెను. ప్రమాదం జరిగిన పిదప న్యాయస్థానంలో తేలవలసిన విషయం కాదది. పర్మిట్, ప్రయాణికుల జాబితా, బీమా అన్న మూడు పత్రాలు పరస్పరం సరిపోలిన బస్సు ఆర్టీసీకి ప్రత్యర్థి కానవసరం లేదు, రహదారిపై భారమూ కాదు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి సరిపోలకపోయినా, అందులో మెత్తని సీటు ఉన్నది గాని, ప్రయాణికునికి రక్షణ ఉన్నదని చెప్పుటకు వీలు లేదు.